పుట్టింటికి కాపలా కాసిన గౌరాదేవి

చిప్కో ఉద్యమం అనగానే మనలో చాలామందికి ఒకే బొమ్మ గుర్తొస్తుంది. కొండవాలులో ఒక చెట్టు, దాన్ని రెండు చేతులతో చుట్టేసిన ఒక స్త్రీ. పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే బడుల్లో పిల్లలు ఆ బొమ్మే గీస్తారు, ఆవరణలోని చెట్టును పట్టుకుని ఫొటోలు దిగుతారు. అందులో తప్పేమీ లేదు. అయితే 1974 మార్చి 26న హిమాలయాల్లోని రేణీ గ్రామంలో జరిగినదాన్ని కాస్త వివరంగా చూస్తే, ఆ రోజు చేసిన పని అంతకంటే పెద్దదని తెలుస్తుంది. అక్కడి స్త్రీలు దారికి అడ్డం నిలబడ్డారు, నరకడానికి వచ్చినవాళ్లతో మాట్లాడారు, బాట తెంచారు, రాత్రంతా మేలుకుని కాపలా కాశారు. వాళ్లకు ముందు నిలిచిన గౌరాదేవి అప్పటికి యాభైకి దగ్గరపడ్డారు. ఏనాడూ బడి గడప తొక్కలేదు. ఆ ఒక్క రోజు వెనుక ఎన్నేళ్ల బతుకు ఉందో, ఆ గెలుపు ఎంతవరకు నిలిచిందో తెలుసుకోవాలంటే ఆమె కథను మొదటి నుంచీ చెప్పుకోవాలి.

ఉప్పు బాటల పక్కన

గౌరాదేవి 1925లో లాతా అనే ఊళ్లో పుట్టారు. నేటి ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, టిబెట్ సరిహద్దుకు దారితీసే నీతి లోయలో ఉంటుంది ఆ ఊరు. ఆమె పుట్టింది భోటియా తెగలో. భోటియాలు గొర్రెలు మేపేవారు, ఉన్ని వడికి నేసేవారు. ఎండాకాలంలో మంచు కరిగాక కనుమలు దాటి టిబెట్ వెళ్లి, ఇక్కడి ధాన్యం, బెల్లం, బట్టలు ఇచ్చి అక్కడి ఉప్పు, ఉన్ని తెచ్చుకునేవారు. సరుకు మూటలు మోసేవి మేకలూ గొర్రెలే. చలికాలంలో కింది ఊళ్లకు దిగడం, ఎండలు ముదిరాక పైకెక్కడం వాళ్ల జీవితంలో మామూలు.

పన్నెండేళ్లకే గౌరాదేవికి పెళ్లయింది. లాతాకు దగ్గర్లోని రేణీ గ్రామానికి చెందిన మెహర్బాన్ సింగ్ ఇంటికి కోడలిగా వెళ్లారు. ఇరవై రెండేళ్ల వయసులో భర్త పోయారు. అప్పటికి చంటి కొడుక్కి రెండున్నరేళ్లు. ఇంటి భారం, పొలం, పశువులు, ఉన్ని వ్యాపారం అన్నీ ఆమె మీద పడ్డాయి. ఆమె ఊరు వదల్లేదు. ఉన్ని పని చేసుకుంటూ, ఉన్న కాస్త భూమిని చూసుకుంటూ పిల్లవాణ్ణి పెంచారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది, టిబెట్‌తో వ్యాపారం ఆగిపోయింది. తాతల నాటి ఉప్పు బాటలు మూసుకుపోవడంతో లోయలోని కుటుంబాలన్నీ మునుపటి కంటే ఎక్కువగా పొలం మీద, అడవి మీద ఆధారపడక తప్పలేదు.

కొడుకు ఎదిగి ఇంటి బాధ్యత అందుకున్నాక గౌరాదేవి ఊరి పనుల్లోకి వచ్చారు. ఆ కొండల్లో మగవాళ్లు చాలామంది సైన్యంలోనో, మైదాన ప్రాంతపు పట్నాల్లోనో పనికి వెళ్లిపోయేవారు. ఊళ్లో మిగిలేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. వంట చెరకు, పశువులకు మేత, తాగునీళ్లు, మందు మూలికలు, అన్నీ తెచ్చేది ఆడవాళ్లే. అడవి ఒక మైలు వెనక్కి జరిగితే వాళ్ల నడక రోజూ రెండు మైళ్లు పెరుగుతుంది. ఊరి స్త్రీల సంఘమైన మహిళా మంగళ్ దళ్‌కు గౌరాదేవిని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఊరి శుభ్రత, అడవి సంరక్షణ ఆ సంఘం చూసుకునే పనులు. 1974లో కబురు అందగానే అంతమంది స్త్రీలు ఒక్క పిలుపుతో కదలడానికి కారణం ఈ సంఘమే. మన ఊళ్లలో పొదుపు సంఘాలను చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. నెలనెలా కూర్చునే అలవాటు ఉన్నవాళ్లే ఆపద వచ్చిన రోజు కలిసి నిలబడగలరు.

వరద చూపిన నిజం

1970 జులైలో అలకనంద నదికి పెను వరద వచ్చింది. కొండచరియలు విరిగిపడ్డాయి. వంతెనలు, రోడ్లు, ఇళ్లు, బస్సులు కొట్టుకుపోయాయి. కొండల నుంచి దిగిన బురద ఎంతో దూరాన ఉన్న గంగ కాలువ దాకా వెళ్లి దాన్ని పూడ్చేసింది. వరద తర్వాత సహాయానికి లోయల్లో తిరిగిన దశోలీ గ్రామ స్వరాజ్య సంఘం కార్యకర్తలు, వాళ్ల నాయకుడు చండీప్రసాద్ భట్ ఒక సంగతి గమనించారు. పైన అడవి కొట్టేసిన వాలుల కిందే నష్టం ఎక్కువగా ఉంది.

కారణం పల్లె జనానికి కొత్త కాదు. వాలు మీద చెట్టు ఉంటే వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. రాలిన ఆకుల పొర వానను పీల్చి నెమ్మదిగా నేలలోకి దించుతుంది. చెట్టు పోతే వాన నేరుగా మట్టిని కొడుతుంది, నీరు ఒక్కసారిగా కిందికి దూకుతుంది, దానితో కొండ కూడా జారుతుంది. రోడ్లు వేయడానికి కొండలు పేల్చడం, ఆ రోడ్ల వెంట కాంట్రాక్టర్ల లారీలు పైకి రావడం 1962 యుద్ధం తర్వాత జోరందుకున్నాయి. అభివృద్ధి అన్న మాట ఆ లోయలోకి అడుగుపెట్టిన తీరు అదీ.

1973లో గొడవ ముదిరింది. నాగళ్లకు, వ్యవసాయ పనిముట్లకు పనికొచ్చే అంగు చెట్లు కొన్ని తమకు ఇవ్వమని గ్రామస్వరాజ్య సంఘం అడిగితే అటవీ శాఖ కాదంది. అవే చెట్లను ఆటల సామగ్రి తయారుచేసే ఒక పెద్ద కంపెనీకి కేటాయించింది. నాగలికి లేని చెట్టు ఆట బ్యాటుకు ఎలా వచ్చిందన్నది జనం ప్రశ్న. ఆ ఏప్రిల్‌లో మండల్ గ్రామం దగ్గర ఊరివాళ్లు డప్పులతో అడవికి నడిచారు, కంపెనీ మనుషులు వెనక్కి వెళ్లారు. చెట్టుకు అతుక్కుని నిలబడదాం అన్న ఆలోచన అప్పటి చర్చల్లోనే పుట్టింది. చిప్కో అంటే అతుక్కుపో, హత్తుకో అని అర్థం.

ఆ మార్చి రోజు

1974 మొదట్లో డెహ్రాడూన్‌లో జరిగిన వేలంలో రేణీ దగ్గరి అడవిలో దాదాపు 2,500 చెట్లను ఒక కాంట్రాక్టర్‌కు ఇచ్చారు. రేణీ ఉన్నది రుషిగంగ ధౌలీగంగలో కలిసే చోటికి పైన. ఆ వాలు జారితే ముందుగా మునిగేది తామేనని ఊరివాళ్లకు తెలుసు. చండీప్రసాద్ భట్, స్థానిక కమ్యూనిస్టు నాయకుడు గోవింద్ సింగ్ రావత్ ఊరూరా తిరిగి సభలు పెట్టారు. గౌరాదేవి ఆ సభలు విన్నారు, తన సంఘంలో మాట్లాడారు.

మార్చి 26న చమోలీకి రమ్మని మగవాళ్లకు పిలుపు వచ్చింది. సైన్యం అవసరాలకు తీసుకున్న భూములకు ఏళ్ల తరబడి రావాల్సిన పరిహారం ఆ రోజు ఇస్తారన్నారు. మగవాళ్లందరూ వెళ్లారు. అదే రోజు భట్‌ను అటవీ అధికారులు గోపేశ్వర్‌లో చర్చల పేరుతో ఆపారు. ఊరు ఖాళీ అయిందని తెలిసి కాంట్రాక్టర్ మనుషులు, అటవీ సిబ్బంది కూలీలను వెంటబెట్టుకుని ఊరి కంట పడకుండా నది వెంట అడవి దారి పట్టారు.

వాళ్లను ఒక చిన్నపిల్ల చూసింది. పరుగెత్తుకెళ్లి గౌరాదేవికి చెప్పింది. ఆమె చేతిలో పని అక్కడే వదిలేసి ఇల్లిల్లూ తిరిగి స్త్రీలను పిలిచారు. పెద్దవాళ్లూ, ఆడపిల్లలూ కలిసి 27 మంది పైకి నడిచారు. వాళ్ల చేతుల్లో ఆయుధాలేవీ లేవు.

కూలీలు అప్పటికి అన్నం వండుకుంటున్నారు. గౌరాదేవి వాళ్లను శత్రువులుగా చూడలేదు. వాళ్లూ పొట్టకూటికి దూరం నుంచి వచ్చిన కొండ జనమే. అన్నదమ్ముల్లా పలకరించి, ఈ అడవి తమకు మైకా అని చెప్పారు. మైకా అంటే పుట్టిల్లు. ఈ ఒక్క మాట తెలుగు ఆడపడుచులకు వివరించనక్కర్లేదు. పుట్టింటికి వెళ్లిన ఆడపిల్ల ఒట్టి చేతులతో తిరిగి రాదు, ఒడి నింపే పంపుతారు. కష్టం వచ్చినా, కాన్పు వచ్చినా తలుపు తట్టేది ఆ ఇంటినే. అడవి ఆ స్త్రీలకు కట్టెలు, గడ్డి, కూరాకు, మూలికలు ఒడి నింపి పంపుతుంది. దాన్ని కొట్టేస్తే కొండ జారి తమ పొలాలు, ఇళ్లు కొట్టుకుపోతాయని ఆమె వాళ్లకు చెప్పారు. అన్నం తిని, తమతో పాటు కిందికి దిగి రమ్మని, మగవాళ్లు వచ్చాక మాట్లాడుకుందామని అడిగారు.

కొందరు కూలీలు మెత్తబడ్డారు. కానీ వచ్చినవాళ్లలో తాగి ఉన్న ఒకడు తుపాకీ చూపి బెదిరించాడు. గౌరాదేవి వెనకడుగు వేయలేదు. ముందు తనను కాల్చి ఆ తర్వాతే పుట్టింటి మీద చెయ్యి వేయమన్నట్టుగా అతని ఎదుటే నిలబడ్డారు. మిగతా స్త్రీలు ఆమె వెనుక కదలకుండా నిలిచారు. కూలీలు సామాను సర్దుకుని దిగడం మొదలుపెట్టారు. కొండచరియ విరిగిన ఒకచోట బాటకు ఆధారంగా సిమెంటు పలక వేసి ఉంది. స్త్రీలు దాన్ని తొలగించి అడవికి దారి తెంచేశారు. ఆ రాత్రి అక్కడే కూర్చుని కాపలా కాశారు. మరునాడు మగవాళ్లు తిరిగొచ్చేసరికి చెట్లన్నీ నిలిచే ఉన్నాయి.

కాగితం మీద గెలుపు

ఇక్కడితో కథ ఆపేస్తే వీరగాథ అవుతుంది, గెలుపు ఎలా వచ్చిందో మాత్రం తెలియదు. కాంట్రాక్టర్ చేతిలో వేలం కాగితం ఇంకా ఉంది. ఊరివాళ్లు తర్వాతి రోజుల్లోనూ అడవి విడవలేదు, సభలు జరుగుతూనే ఉన్నాయి, పత్రికలు రాశాయి. అప్పటి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి హేమవతీ నందన్ బహుగుణ పరిశీలనకు ఒక కమిటీ వేశారు. ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త వీరేంద్ర కుమార్ దానికి అధ్యక్షుడు.

కమిటీ రెండేళ్లు పని చేసింది. రేణీ అడవి, దాని చుట్టూ ఉన్న వాలులు చాలా సున్నితమైనవని, అక్కడ చెట్లు కొట్టకూడదని తేల్చింది. దాని ఫలితంగా రేణీతో పాటు అలకనంద ఎగువ పరీవాహకంలో దాదాపు 1,200 చదరపు కిలోమీటర్లలో పదేళ్లపాటు వాణిజ్య నరికివేతను ప్రభుత్వం ఆపేసింది. చదువు లేని స్త్రీలు కూలీలతో చెప్పిన మాటకూ, శాస్త్రవేత్తలు రెండేళ్ల తర్వాత నివేదికలో రాసినదానికీ సారంలో తేడా లేదు. 1980ల మొదట్లో సుందర్‌లాల్ బహుగుణ వంటి వారి ప్రయత్నంతో వెయ్యి మీటర్లకు పైన ఉన్న ఆ హిమాలయ అడవుల్లో పచ్చని చెట్ల వాణిజ్య నరికివేతకు 15 ఏళ్ల నిషేధం వచ్చింది. 1987లో చిప్కో ఉద్యమానికి రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం దక్కింది.

ఉద్యమం గాలి మన చుట్టుపక్కలకూ వీచింది. 1983 సెప్టెంబరులో కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సల్కణి అడవిలో ఊరివాళ్లు చెట్లను హత్తుకుని నరికివేతను ఆపారు. దానికి పెట్టుకున్న పేరు అప్పికో. కన్నడంలోనూ అర్థం అదే. ఒడిశాలోని గంధమర్దన్ కొండల్లో బాక్సైట్ తవ్వకాన్ని 1980లలో అక్కడి పల్లె జనమే ఆపించారు. మన పిల్లల్లో కొందరి ఊళ్లకు ఈ చోట్లు బస్సు దూరమే.

గెలిచిన తర్వాత

గౌరాదేవి జీవితంలో ఇక్కడి నుంచి చెప్పే భాగం పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. ఆమె రేణీలోనే ఉండిపోయారు. పదవులేవీ రాలేదు. మహిళా మంగళ్ దళ్ పనిలో, చెట్లు నాటే పనిలో, సభల్లో పాల్గొంటూ మామూలు కొండ రైతు బతుకే బతికారు.

1982లో ఆ పైనున్న ప్రాంతాన్ని నందాదేవి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1988లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. అడవికి రక్షణ దొరికింది. కానీ లాతా, రేణీ వంటి ఊళ్లవాళ్లు తరతరాలుగా గొర్రెలు తోలుకెళ్లే పచ్చికలు, మూలికలు ఏరుకునే చోట్లు వాళ్లకు మూసుకుపోయాయి. పర్వతారోహకులకు దారి చూపి, సామాను మోసి సంపాదించుకునే కూలి కూడా పోయింది. కాంట్రాక్టర్ గొడ్డలి నుంచి అడవిని కాపాడినవాళ్లే కంచె బయట మిగిలారు. ఆ స్త్రీలు అడవిని ఎవరూ ముట్టకూడదని అడగలేదు. ఊరికి అవసరమైనంత వాడుకుంటూ, ఊరే కాపాడుకోవాలన్నది వాళ్ల కోరిక. 1998లో లాతా జనం ఈ హక్కుల కోసం మళ్లీ ఉద్యమించాల్సి వచ్చింది. గౌరాదేవి దాన్ని చూడలేదు. 1991 జులై 4న, 66 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

తర్వాతి తరం ఇంకో కొత్త ప్రశ్నను ఎదుర్కొంది. ఈసారి అది నది గురించి. రేణీ దగ్గర రుషిగంగ మీద 13.2 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టారు. ఆ నిర్మాణంలో పేలుళ్లు, నదిలో వ్యర్థాలు పోయడం గురించి ఊరివాళ్లు 2019లో ఉత్తరాఖండ్ హైకోర్టుకు వెళ్లారు. 2021 ఫిబ్రవరి 7న పైనున్న రోంటీ శిఖరం వైపు నుంచి భారీగా రాయి, మంచు విరిగిపడి రుషిగంగలోకి దూకాయి. ఆ ఉప్పెన ఈ కేంద్రాన్ని తుడిచిపెట్టి, దిగువన కడుతున్న 520 మెగావాట్ల తపోవన్ విష్ణుగాడ్ ప్రాజెక్టును ధ్వంసం చేసింది. 200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. వాళ్లలో ఎక్కువమంది ఆ ప్రాజెక్టుల్లో పనికి వచ్చినవాళ్లు. శిఖరం విరగడానికి ప్రాజెక్టులే కారణమని చెప్పలేం. కానీ అంత ప్రమాదకరమైన చోట అంతమందిని పనికి దించిన నిర్ణయం మనుషులదే. ఆ ఏడాది జూన్‌లో రేణీ దగ్గర నేల కుంగింది, రోడ్డు కోసుకుపోయింది. అక్కడ నెలకొల్పిన గౌరాదేవి విగ్రహాన్ని కూడా వేరేచోటికి తరలించాల్సి వచ్చింది.

పిల్లలకు చెప్పేటప్పుడు

ఇలా చూస్తే గౌరాదేవి గెలుపు చిన్నదైపోతుందా? కాదనే మేం అనుకుంటాం. ఆ అడవి ఆ రోజు నిలిచింది, దాని వల్ల వెయ్యికి పైగా చదరపు కిలోమీటర్ల వాలులు గొడ్డలి వేటు తప్పించుకున్నాయి, దేశంలో అడవుల గురించి మాట్లాడే తీరు మారింది. అయితే పదేళ్ల నిషేధం అన్నమాటలోనే పదకొండో ఏడు దాగి ఉంది. గెలిచిన రోజు రాత్రి కూడా ఆ స్త్రీలు ఇంటికి వెళ్లి పడుకోకుండా అడవి దగ్గరే కూర్చున్నారు. ఈ కథలో పిల్లలకు ముందుగా చెప్పాల్సింది ఆ కాపలా గురించేనని మా అభిప్రాయం.

ఈ పాఠం చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు, ఇంట్లో తల్లిదండ్రులకు మేం సూచించేది చిన్న పనే. చెట్టును హత్తుకున్న బొమ్మ గీయించిన తర్వాత, పిల్లల్ని ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో నాలుగు సంగతులు అడిగి రమ్మనండి. ఆమె చిన్నప్పుడు పొయ్యిలోకి కట్టెలు ఎక్కడి నుంచి తెచ్చేవారు, నీళ్లు ఎక్కడ తోడేవారు, ఆ చెరువు లేదా ఆ అడవి ఇప్పుడు ఎలా ఉంది, అది మారినప్పుడు ఊళ్లో ఎవరైనా కలిసి మాట్లాడారా? జవాబులు తెలుగులో రాయించండి. తరంతరం వలస వచ్చి స్థిరపడిన మన కుటుంబాల్లో ఆ జవాబులు ఒక్కో ఇంట్లో ఒక్కో ఊరి గురించి వస్తాయి. నాలుగో ప్రశ్నకు ఎన్ని ఇళ్ల నుంచి అవును అన్న జవాబు వచ్చిందో పిల్లల చేతనే లెక్క కట్టించండి. రేణీ స్త్రీలకు ఒక సంఘం ఎందుకు అక్కరకొచ్చిందో అప్పుడు వేరుగా చెప్పాల్సిన అవసరం ఉండదు.